క్లచ్ నొక్కినా బండి లాగుతోందా? మూత విప్పే ముందు ఇవి చూడండి

ఎండాకాలమంతా షెడ్డులో పట్టా కప్పుకుని ఉన్న బండ్లన్నీ రెండు జల్లులు పడగానే రోడ్డెక్కుతాయి, ఆ వెంటనే మాకు ఉత్తరాలు మొదలవుతాయి. ఈ నెల వచ్చినవాటిలో ఎక్కువ క్లచ్ గురించే, అందులోనూ కొండదారుల్లో, ఏటి ఇసుకలో, చెరువు కట్టల మీద తిప్పే ఆఫ్‌రోడ్ బండ్ల క్లచ్ గురించి. కాబట్టి టైర్లు, మైలేజీ ప్రశ్నలన్నీ వచ్చే నెలకు పెట్టి ఈసారి దీన్నే పట్టుకుందాం.

ప్రశ్న: అన్నా, నాది 200 సీసీ ఆఫ్‌రోడ్ బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మార్చి నుంచి బయటికి తీయలేదు. మొన్న వాన పడ్డాక స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా నొక్కి ఫస్ట్ గేర్ వేస్తే ఒక్కసారిగా ముందుకు దూకి ఆగిపోయింది. ఎలాగో కదిలించాను కానీ ఇప్పుడు సిగ్నల్ దగ్గర క్లచ్ పట్టుకుని నిలబడితే మెల్లగా ముందుకు పాకుతోంది. న్యూట్రల్ దొరకదు, ఇంజిన్ ఆపితేనే పడుతుంది. మెకానిక్ ఏమీ విప్పకుండానే క్లచ్ సెట్ మొత్తం మార్చాలన్నాడు. గండికోట వైపు, పెన్నా ఇసుకలో తిప్పుతుంటాను. నిజంగా సెట్ పోయినట్టేనా?
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: సెట్ పోయిందో లేదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, కానీ మూత విప్పకుండా మీ మెకానిక్ కూడా చెప్పలేడు కదా. అసలు సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఇంజిన్ ఆపితే న్యూట్రల్ పడుతోందన్నారు. అంటే గేర్లు మార్చే మెకానిజం బాగానే ఉంది, ఇంజిన్ తిరుగుతున్నప్పుడు క్లచ్ పూర్తిగా విడవడం లేదు, అంతే. ఇంజిన్ ఆపినా న్యూట్రల్ పడకపోతే అప్పుడు అనుమానం గేర్ బాక్సు మీదికి పోవాలి.

క్లచ్ జబ్బులు ప్రధానంగా రెండు రకాలు, రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. ఒకటి జారడం: యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం అందుకోదు. రెండోది మీది, విడవకపోవడం. ప్లేట్లు అరిగిపోతే మామూలుగా వచ్చేది జారడమే. విడవని క్లచ్‌కి చూడకుండా కొత్త ప్లేట్లు వేయించుకుంటే డబ్బులు పోవడమే తప్ప జబ్బు పోతుందన్న గ్యారంటీ లేదు. అసలు కారణం చాలాసార్లు ఇంజిన్ బయటే ఉంటుంది.

లోపల ఏముందో ఒకసారి చెప్పుకుందాం, ఆ తర్వాత అంతా సులువు. ఎక్స్‌పల్స్ అయినా హిమాలయన్ అయినా పాత ఇంపల్స్ అయినా లోపల ఉన్నది ఇంజిన్ ఆయిల్‌లో మునిగి తిరిగే తడి క్లచ్. ఒక ఫ్రిక్షన్ ప్లేటు, ఒక స్టీల్ ప్లేటు, మళ్ళీ ఫ్రిక్షన్, మళ్ళీ స్టీల్, ఇలా దొంతరగా ఉంటాయి. ఫ్రిక్షన్ ప్లేట్ల చెవులు బయట ఉండే బాస్కెట్ గాడుల్లో కూర్చుంటాయి, అది ఇంజిన్‌తో తిరుగుతుంది. స్టీల్ ప్లేట్ల పళ్ళు లోపలి హబ్‌ మీద కూర్చుంటాయి, అది గేర్ బాక్సుతో తిరుగుతుంది. స్ప్రింగులు ప్రెజర్ ప్లేటు ద్వారా ఈ దొంతరను నొక్కి పట్టుకుంటాయి. మీరు లివర్ నొక్కితే కేబుల్ లాగి, ఇంజిన్ దగ్గరున్న చిన్న ఆర్మ్ తిరిగి, ఆ ప్రెజర్ ప్లేటు కొంచెం లేస్తుంది. ఆ కొంచెం అన్నది ఒకటి రెండు మిల్లీమీటర్ల సంగతి. అంత చిన్న కదలికను దొంతరలోని ప్లేట్లన్నీ పంచుకోవాలి. కాబట్టి లివర్ దగ్గర కాస్త కదలిక వృథాగా పోయినా లోపల ప్లేట్లు విడవడానికి జాగా మిగలదు.

మొదటి రోజు బండి ఎందుకు దూకిందంటే, నెలల తరబడి నిలబడితే ప్లేట్ల మధ్య ఆయిల్ కారిపోయి, మిగిలిన పలుచని పొర జిగురుగా మారి, తడి పలకలు రెండు ఒకదానికొకటి పట్టుకున్నట్టు ప్లేట్లు అతుక్కుపోతాయి. ఇందులో భయపడాల్సింది లేదు. మళ్ళీ ఎప్పుడైనా ఇలా అయితే స్టార్ట్ చేసి గేర్ వేయకండి. ఇంజిన్ ఆపి ఉండగానే టాప్ గేర్ వేసి, క్లచ్ నొక్కి పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. కాసేపటికి టక్కుమని విడిపోయి బండి తేలిగ్గా దొర్లుతుంది. విడవకపోతే న్యూట్రల్‌లో పెట్టి ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, ఆపి, మళ్ళీ ఊపండి. ఇంకా మొండికేస్తే రాత్రి లివర్‌ని గ్రిప్పుకి కట్టేసి వదిలేయండి, పొద్దున ప్రయత్నిద్దురు. గోడకు ఎదురుగా పెట్టుకుని మాత్రం ఇవేవీ చేయొద్దు.

మీకు విడిపోయింది కానీ ఇంకా పాకుతోంది కాబట్టి ఇప్పుడు లివర్ నుంచి మొదలుపెట్టి లోపలికి పోదాం. అంతకన్నా ముందు ఒక చిన్న సంగతి: ఐడ్లింగ్ ఎక్కువ పెట్టి ఉందేమో చూడండి. ఎవరో పొద్దున్నే ఆగిపోతోందని స్క్రూ తిప్పి వదిలేసి ఉంటారు. ఐడ్లింగ్ ఎక్కువైతే మంచి క్లచ్ కూడా ఫస్ట్ గేర్‌కి టక్కున కొడుతుంది, కాస్త లాగుతుంది కూడా.

ఇక లివర్. దాన్ని మెల్లగా లాగితే మొదట కొంత దూరం ఊరికే వస్తుంది, తర్వాత బరువు తగులుతుంది. ఆ ఊరికే వచ్చే భాగమే ఫ్రీ ప్లే. చాలా బండ్లకు లివర్ చివర కొలిస్తే 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలంటారు, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. అంతకన్నా వదులుగా ఉంటే నొక్కినా పూర్తిగా విడవదు, అసలే లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టుండి జారి కాలిపోతుంది. మీ దగ్గర లివర్ సగం దూరం ఖాళీగా వస్తుంటే రోగం అక్కడే దొరికినట్టు. లివర్ దగ్గరున్న చిన్న అడ్జస్టర్‌ను మధ్యలో ఉండేలా పెట్టి, అసలు సర్దుబాటు కింద ఇంజిన్ దగ్గరున్న పెద్ద అడ్జస్టర్‌తో చేసుకోండి. అప్పుడు దారిలో కొంచెం అటూ ఇటూ అయినా పైన చేత్తోనే తిప్పుకోవచ్చు. ఇదంతా చల్లని ఇంజిన్‌తో చేసి, ఒక రౌండు తిప్పి, వేడిగా ఉన్నప్పుడు మళ్ళీ చూడండి. వేడెక్కితే ఈ కొలత మారుతుంది.

తర్వాత కేబుల్. మన ఎర్రమట్టి దుమ్ము ఎంత సన్నగా ఉంటుందో చెప్పనక్కర్లేదు, దాని మీద ఇంటికొచ్చి ప్రెజర్ నీళ్ళతో కడిగించారంటే ఆ దుమ్ము నీళ్ళతో కలిసి నేరుగా కేబుల్ తొడుగులోకి పోతుంది. పై కొస ఊడదీసి, చిన్న పాలిథిన్ ముక్కను గరాటులా చుట్టి టేపు వేసి, అందులో పలుచని ఆయిల్ పోసి వేలాడదీయండి. మొదట కింది కొస నుంచి చుక్కలు ఇటుక రంగులో, పొడి పొడిగా వస్తాయి. శుభ్రమైన ఆయిల్ వచ్చేదాకా పోస్తూ ఉండండి. తర్వాత లోపలి తీగను రెండు కొసలా పట్టుకుని లాగి చూడండి. ఎక్కడైనా గరగరమంటూ పట్టినా, కొస దగ్గర ఒక్క పోగు తెగి పైకి లేచినా దానికి వైద్యం లేదు, మార్చేయండి. కేబుల్ వందల్లో వస్తుంది, క్లచ్ సెట్ వేలల్లో ఉంటుంది. తొడుగు లోపల టెఫ్లాన్ పూత ఉన్న కేబుళ్ళకు మాత్రం ఏమీ పోయొద్దని తయారీదారులు చెప్తారు, మీది ఏ రకమో కనుక్కోండి.

కేబుల్ పోయే దారి కూడా చూడాలి. బండి ఎక్కడైనా పడి ఉంటే హ్యాండిల్ మెడ దగ్గర తొడుగు నలిగి ఉండొచ్చు. ఇంజిన్ ఆపి హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి రెండు చోట్లా ఫ్రీ ప్లే కొలవండి. తేడా వస్తే కేబుల్ ఎక్కడో ఇరుక్కుంటున్నట్టే. హ్యాండిల్‌ని ఎత్తు చేసే రైజర్లు వేసుకున్న బండ్లలో ఇది సర్వసాధారణం, పాత కేబుల్ పొడవు చాలదు. లివర్ తిరిగే బోల్టు కూడా ఊడదీసి తుడిచి కాస్త గ్రీజు రాయండి. ఎందుకో దాన్ని ఎవరూ ముట్టుకోరు.

మూడోది ఆయిల్. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి లోపల ఏ ఆయిల్ ఉందో దేవుడికే తెలియాలి. మాన్యువల్‌లో చెప్పిన దానికన్నా చిక్కటిది పోసి ఉన్నా, నల్లగా పాడైపోయినా ప్లేట్లు విడిపోవడానికి మొండికేస్తాయి. మార్చేసి, ఒక వందో రెండొందలో కిలోమీటర్లు తిప్పి అప్పుడు మాట్లాడండి. పొద్దున మొదటి నిమిషం లాగి తర్వాత మానేస్తే అది ఆయిల్ చిక్కదనమే, దాన్ని జబ్బు అనక్కర్లేదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కిన కొద్దీ ఎక్కువ లాగుతుంటే మాత్రం ప్లేట్లు వంగాయేమోనని అనుమానించాలి. పెన్నా ఇసుకలో తిప్పుతానన్నారు కాబట్టే ఇది చెప్తున్నా. ఇసుకలో బండి కూరుకుపోతుంటే అందరూ సగం క్లచ్‌లో పెట్టి అరిపిస్తారు, ఆ వేడికి స్టీల్ ప్లేట్లు వంకర పోతాయి.

ఇవన్నీ అయ్యాక కూడా లాగుతుంటేనే మూత విప్పండి. చాలా బండ్లకు క్లచ్ కుడివైపే ఉంటుంది, బండిని ఎడమవైపుకు బాగా వాల్చి ఆనిస్తే ఆయిల్ మొత్తం దింపకుండానే మూత తీయొచ్చు. ట్యాంకు నిండా పెట్రోల్ ఉంటే ఆ పని వద్దు, ఆయిల్ దించేయండి. కొత్త ప్యాకింగ్ దగ్గర పెట్టుకోకుండా మాత్రం మొదలుపెట్టొద్దు, పాతది ముక్కలుగానే వస్తుంది. స్ప్రింగు బోల్టులు ఒకటి పూర్తిగా తీసి ఇంకోటి తీయడం కాదు, ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేయాలి. ప్రెజర్ ప్లేటు తీసేటప్పుడు దాని మధ్యలో చిన్న బేరింగు, నెట్టే ముక్క ఉంటాయి. కింద పడి గుండ్రంగా దొర్లిపోతాయి, జాగ్రత్త. ప్లేట్లు ఒక్కొక్కటి తీస్తూ ఫోన్‌లో ఫోటో తీసుకోండి, అదే వరుసలో, అదే వైపు తిరిగి లోపలికి పోవాలి.

స్టీల్ ప్లేట్ల మీద నీలం మచ్చలుంటే బాగా వేడెక్కినట్టు. మన ఇళ్ళల్లో కడప బండలకు లోటు లేదు కానీ వంకర చూడటానికి అవి పనికిరావు, ఎంత పాలిష్ పట్టినా పైన చిన్న ఎత్తుపల్లాలు ఉంటాయి. మందపాటి అద్దం ముక్క మీద ప్లేటు పెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చి చూడండి. ఎంతవరకు ఒప్పుకోవచ్చన్నది బండిని బట్టి ఉంటుంది, మాన్యువళ్ళలో మామూలుగా 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల మధ్య రాస్తారు. దాటితే ఆ ప్లేటు పక్కన పెట్టడమే, సుత్తితో కొట్టి సాపు చేద్దామనుకోకండి.

నా దృష్టిలో అందరూ వదిలేసేది బాస్కెట్. ఫ్రిక్షన్ ప్లేట్ల చెవులు గాడుల గోడలను రోజూ కొట్టీ కొట్టీ అక్కడ మెట్లు మెట్లుగా గుంటలు పడతాయి. వేలిగోరు పెట్టి గాడి గోడ వెంట పై నుంచి కిందికి గీయండి, ప్రతి ప్లేటు దగ్గరా గోరు టకటకమని ఆగుతుంది. ప్లేటు విడిపోవాలంటే పక్కకు జరగాలి, ఆ గుంటలో చెవి ఇరుక్కుని జరగదు, అందుకే లాగుతుంది. ఇలాంటి బాస్కెట్‌లో కొత్త సెట్ వేసినా కొద్ది రోజులకే మళ్ళీ అదే కథ. గుంటలు చిన్నవైతే సన్నటి ఆకురాయితో గోడలను సమంగా సాపు చేయొచ్చు, కింద గుడ్డ కుక్కి ఒక్క రజను కూడా ఇంజిన్‌లోకి పోకుండా చూసుకోవాలి. వీలైతే బాస్కెట్‌ను బయటికి తీసే రుద్దండి. లోతుగా ఉంటే రుద్దితే గాడి వెడల్పై చెవులు ఇంకా గట్టిగా కొట్టుకుంటాయి, అప్పుడు బాస్కెట్ మార్చడమే దారి.

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు వేస్తుంటే ముందు రోజు రాత్రే ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టండి. పొడిగా వేస్తే మొదటి స్టార్ట్‌లోనే మాడతాయి. బిగించేటప్పుడు కూడా ఎదురెదురుగానే. ఆ స్ప్రింగు బోల్టులు చిన్నవి, వాటి కింద ఉన్నది అల్యూమినియం. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకి 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు చాలు, బలం చూపించారంటే మర విరిగి చేతికొస్తుంది. క్లచ్ ఆర్మ్ మూతలోనే బిగించి లేని బండి అయితే, మూత వేసే ముందు లివర్ ఒకసారి నొక్కించి ప్రెజర్ ప్లేటు అన్ని వైపులా సమానంగా లేస్తోందో కంటితో చూడండి, ఒక పక్కకు వాలి లేస్తే స్ప్రింగుల్లో తేడా ఉన్నట్టు. మీ మెకానిక్‌తో గొడవ పెట్టుకోవాల్సిన పని లేదు. "అన్నా, ముందు కేబుల్ మార్చి చూద్దాం, తగ్గకపోతే విప్పుదాం" అంటే ఎవరూ కాదనరు.

ప్రశ్న: సార్, ఆయిల్ మార్చిన దగ్గర్నుంచి నా బండి పెనుకొండ ఘాట్లో ఎక్కేటప్పుడు ఇంజిన్ సౌండ్ పెరుగుతోంది కానీ స్పీడు రావడం లేదు. మా బావ కారుకి తెచ్చిన మంచి ఖరీదైన ఆయిల్ మిగిలితే అదే పోశాము. ఖరీదైన ఆయిల్ పోస్తే క్లచ్ పాడవుతుందా?
— ఒక పాఠకుడు, ధర్మవరం

జవాబు: ఖరీదుతో సంబంధం లేదు, ఆ ఆయిల్ కారు కోసం చేసింది. కారులో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌కి దూరంగా వేరుగా ఉంటుంది, అందుకే ఇంధనం ఆదా కోసం కారు ఆయిళ్ళలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. మీ బండిలో క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. రాపిడి తగ్గితే అది పట్టుకునేది దేనితో? మీకు వచ్చింది పైన చెప్పిన మొదటి రకం, జారే జబ్బు.

డబ్బా వెనక జాసో అనే మాట కోసం వెతకండి. జపాన్ వాళ్ళు 1990ల చివర్లో పెట్టిన ప్రమాణం అది, మోటార్ సైకిల్ ఆయిళ్ళ కోసమే పెట్టారు. ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే తడి క్లచ్ బండ్లకు పనికొస్తుంది, ఎంఏ2లో పట్టు ఎక్కువ. ఎంబీ అని ఉంటే అది క్లచ్ ఆయిల్‌లో ఉండని ఆటోమేటిక్ స్కూటర్ల కోసం, మీకు వద్దు. చిక్కదనం, అంటే 10డబ్ల్యూ30, 20డబ్ల్యూ50 లాంటి అంకెలు వేరే సంగతి, అవి మాన్యువల్ చూసి తీసుకోవాలి. అనంతపురం ఎండలకు చిక్కటిదే మంచిదని షాపులో చెప్తుంటారు, మాన్యువల్ ఒప్పుకుంటే సరే, లేకపోతే ఆ మాట వినకండి.

ఇప్పుడు చేయాల్సింది ఆ ఆయిల్ వెంటనే దింపేసి, ఫిల్టర్ మార్చి, సరైనది పోయడం. కొద్ది రోజులే తిప్పి ఉంటే చాలాసార్లు కోలుకుంటుంది. రెండోసారి కూడా ఆయిల్ తొందరగా మార్చేస్తే లోపల మిగిలింది కూడా పోతుంది. అయినా జారుతుంటే ప్లేట్ల మీద ఉన్న పదార్థం ఇప్పటికే మాడి గాజులా నున్నగా అయిపోయినట్టు, మూత విప్పితే వాసనే చెప్తుంది. అప్పటిదాకా ఘాట్ ఎక్కకండి. బావగారికి డబ్బా తిరిగి ఇచ్చేయండి, ఆయన కారుకి అది మంచిదే.

ప్రశ్న: హంద్రీలో మోకాలి లోతు నీళ్ళు దాటించేటప్పుడు బండి మధ్యలో ఆగిపోయి పక్కకు పడింది. తీసి, ఆరబెట్టి, స్టార్ట్ చేశాం, ఇంటికి వచ్చాం. ఇప్పుడు క్లచ్ ఒకసారి పట్టేస్తోంది, ఒకసారి జారుతోంది. ఆయిల్ చూసే అద్దంలో పాలు కలిపిన టీ రంగు కనిపిస్తోంది. బండి నడపొచ్చా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నడపకండి, స్టార్ట్ కూడా చేయకండి. ఆ రంగు కనిపించిందంటే ఇంజిన్ ఆయిల్‌లో నీళ్ళు కలిశాయి. బ్రీదర్ పైపు నుంచో, ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచో పోయి ఉంటాయి. క్లచ్ గొడవ అటుంచండి, నీళ్ళు కలిసిన ఆయిల్ బేరింగులను కాపాడదు.

ఆయిల్ దింపేసి, ఫిల్టర్ మార్చి, చవకైన సరైన గ్రేడ్ ఆయిల్ పోసి కొన్ని నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి మళ్ళీ దింపండి. రంగు మామూలుగా వచ్చేదాకా ఇలాగే చేయాలి, ఒకసారితో అయిపోతుందనుకోవద్దు. చివరికి మంచి ఆయిల్ పోసుకోండి. ఫ్రిక్షన్ ప్లేట్లలో కొన్ని రకాలకు పైపూత కాగితం లాంటి పదార్థంతో చేస్తారు, నీళ్ళలో నానితే ఉబ్బి ఊడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఆయిల్ శుభ్రమయ్యాక కూడా పట్టేస్తుంటే ప్లేట్లు తీసి చూడాల్సిందే. ఎయిర్ ఫిల్టర్ తడిసి ఉంటే అదీ ఆరబెట్టండి.

మళ్ళీ ఏరు దాటేటప్పుడు మునిగిపోయి ఆగితే నీళ్ళలో సెల్ఫ్ కొట్టకండి. గట్టుకు లాగి, స్పార్క్ ప్లగ్ తీసి, అప్పుడు తిప్పి నీళ్ళు బయటికి రప్పించాలి. నల్లమల వాగుల్లో ప్రయత్నిస్తామని మీ ఉత్తరం చివర్లో రాశారు కానీ అక్కడ చాలా భాగం నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేనిదే లోపలికి పోకూడదు. ఓర్వకల్లు రాళ్ళ వైపు దారులు మీకు దగ్గరే కదా.

ప్రశ్న: పోయిన ఆదివారం లంకమల వైపు పోయి వస్తుంటే క్లచ్ కేబుల్ పైన లివర్ దగ్గరే తెగిపోయింది. చుట్టుపక్కల షాపు లేదు. ట్రాక్టర్లో వేసుకుని వచ్చాం. క్లచ్ లేకుండా నడిపి వచ్చుండొచ్చా అన్నా?
— ఒక పాఠకుడు, బద్వేలు

జవాబు: వచ్చుండొచ్చు తమ్ముడూ, కానీ ఖాళీ రోడ్డుంటేనే. న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, బండిని ముందుకు తోసి, కాస్త వేగం అందుకోగానే ఎక్కి ఫస్ట్ గేర్ వేయాలి. టక్కున పడుతుంది, పట్టుకుని కూర్చోండి. దిగువకు వాలు ఉన్న చోట బయల్దేరితే ఇది ఇంకా సులువు. తర్వాత పై గేర్లకు పోవడానికి, గేర్ పెడల్ మీద కాలు కొంచెం బరువుగా ఆనించి, యాక్సిలరేటర్ ఒక్క క్షణం వదిలితే గేర్ దానంతట అదే పడుతుంది. కిందికి రావాలంటే వదిలిన మరుక్షణం కాస్త రైజ్ ఇచ్చి వేయాలి. ఆగాల్సి వస్తే ముందుగానే న్యూట్రల్‌కి వచ్చేయాలి, లేకపోతే ఆగిపోతుంది. ఊరి మధ్యలో, ట్రాఫిక్‌లో మాత్రం ఈ సాహసం వద్దు, ట్రాక్టరే మంచిది.

పైన లివర్ దగ్గరే తెగిందంటే కేబుల్ కొసనున్న గుండు లివర్‌లో తిరగకుండా బిగుసుకుపోయి ఉంటుంది. గుండు తిరగాల్సిన చోట తిరగకపోతే తీగే వంగుతుంది, వంగి వంగి ఒక్కో పోగూ తెగుతుంది. కొత్తది వేసేటప్పుడు ఆ గుండుకు గ్రీజు పెట్టి, లివర్ గాడిని తుడిచి, చేత్తో తిప్పి చూసి బిగించండి. లేకపోతే కొత్తదీ అక్కడే తెగుతుంది.

ఇంకో పద్ధతి ఉంది, అడవి దారుల్లో తిరిగేవాళ్ళు చాలామంది చేసేదే. కొత్త కేబుల్ ఇంకోటి కొని, పాత కేబుల్ పక్కనే అదే దారిలో వేసి, రెండు కొసలకూ టేపు చుట్టి అలా ఉంచేయండి. తెగిన రోజు పాతదాన్ని విడదీసి దీన్ని తగిలిస్తే చాలు, ట్యాంకు విప్పాల్సిన పని ఉండదు. దాంతోపాటు రెండు పానాలు, ఒక కటింగ్ ప్లేయర్ సీటు కింద పెట్టుకోండి. కొసలో గుండుకు బదులు బిగించుకునే చిన్న స్క్రూ నిపుల్ కూడా దొరుకుతుంది, పైన తెగినప్పుడు పాత కేబుల్‌తోనే ఊరు చేరడానికి పనికొస్తుంది.

ప్రశ్న: నమస్తే అండీ. నేను గుత్తి దగ్గర ఊళ్ళో టీచర్‌ని, పొలాల దారిలో రోజూ పోవాలి కాబట్టి మా ఇంట్లో ఉన్న ఆఫ్‌రోడ్ బండే వాడుతున్నాను. క్లచ్ చాలా గట్టిగా ఉంది, స్కూలుకి చేరేసరికి ఎడమ చేయి తిమ్మిరెక్కుతోంది. స్ప్రింగులు రెండు తీసేస్తే మెత్తబడుతుందని ఒకాయన చెప్పారు. తీయించమంటారా?
— ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: వద్దమ్మా, ఆ పని అసలు చేయించకండి. స్ప్రింగులు తీస్తే లివర్ మెత్తబడే మాట నిజమే కానీ ప్లేట్లను పట్టుకునే బలం తగ్గి క్లచ్ జారుతుంది, అదీ గతుకుల్లో, ఎగుడుల్లో, మీకు అవసరమైన చోటే. ముందు మొదటి ప్రశ్నలో చెప్పినట్టు కేబుల్‌కి ఆయిల్ పోయించి, లివర్ బోల్టు శుభ్రం చేయించండి. సగం బరువు అక్కడే దిగుతుంది చాలాసార్లు. కేబుల్ ఎక్కడా పదునుగా మలుపు తిరగకుండా సర్దించండి. ఇంజిన్ దగ్గర కేబుల్ లాగే ఆర్మ్, లివర్ పూర్తిగా నొక్కినప్పుడు కేబుల్‌కి అడ్డంగా, అంటే దాదాపు 90 డిగ్రీల కోణంలో ఉండాలి. ఆర్మ్ తప్పు గాడిలో బిగిస్తే కోణం పాడై చేతికి బరువు పడుతుంది.

లివర్ మీ వేళ్ళకు దూరంగా ఉంటే దగ్గరికి జరుపుకునే రకం లివర్లు దొరుకుతాయి. లివర్‌ని రెండు వేళ్ళతో కాకుండా చివర పట్టుకుని నొక్కితే కూడా తేలిక. ఎర్ర లైటు దగ్గరా, పిల్లలు రోడ్డు దాటేటప్పుడూ క్లచ్ పట్టుకుని నిలబడకుండా న్యూట్రల్ వేసి చేయి వదిలేయండి. చేతికీ క్లచ్‌కీ కూడా మంచిది.

ప్రశ్న: మా అన్నవాళ్ళ దగ్గర విదేశీ రేస్ బండి ఉంది, దానికి క్లచ్ కేబుల్ లేదు, బ్రేకులాగా ఆయిల్‌తో పనిచేస్తుంది. అది కూడా విడవడం లేదు. బ్రేక్ ఆయిల్ పోయొచ్చా?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: లివర్ దగ్గరున్న చిన్న ఆయిల్ డబ్బా మూత మీద ఏం రాసుందో చూడకుండా ఏమీ పోయొద్దు. బ్రెంబో సిస్టమ్ ఉన్నవాటికి మామూలుగా డాట్ బ్రేక్ ఫ్లూయిడ్ వాడతారు, మగూరా సిస్టమ్ ఉన్నవాటికి మినరల్ ఆయిల్. ఒకదానికి బదులు ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి మొత్తం పాడవుతుంది. విడవకపోవడానికి ఎక్కువగా కారణం పైపులో గాలి చేరడం. లివర్ మెత్తగా, స్పాంజిలా అనిపిస్తే అదే. సరైన ఫ్లూయిడ్‌తో గాలి తీయించండి, ఆ తర్వాత కూడా లాగుతుంటే ఇంజిన్ దగ్గరున్న చిన్న సిలిండర్ నుంచి కారుతోందేమో కింద తడిమి చూడండి.